అయ్యగారు, ఫాదరు, బ్రదరు – పాలమూరు క్రైస్తవ గురుత్వం వెనుక చరిత్ర

ఈ సంచికలో అచ్చయ్యే పూర్వ విద్యార్థుల పట్టికను సరిచూసే పని సంఘం నాకూ మరో ఇద్దరు మిత్రులకూ అప్పగించింది. డాక్టర్లు, ఇంజనీర్లు, టీచర్లు, మాజీ సర్పంచుల పేర్లతో ఏ చిక్కూ రాలేదు. క్రైస్తవ సేవలో ఉన్న మిత్రుల పేర్ల దగ్గర మాత్రం ఆగిపోయాం. ఒకరికి 'రెవరెండ్', ఒకరికి 'ఫాదర్', ఇద్దరికి 'పాస్టర్' అని ఉంది. ఇంకొకాయన తానే ఫోన్ చేసి, తన పేరు ముందు 'బ్రదర్' తప్ప మరేమీ వేయొద్దన్నాడు. అందరికీ ఒకటే మాట వేస్తే సరిపోతుంది గదా అని కమిటీలో ఒకరన్నారు. సరిపోదు. ఈ నాలుగు మాటల వెనుక నాలుగు రకాల నమ్మకాలున్నాయి. వాటిలో మన పాలమూరు చరిత్ర కూడా కొంత ఉంది. నేను క్రైస్తవుణ్ణి కాను, చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. బడిలో నా పక్కన కూర్చున్నవాళ్లలో చాలామంది మిషన్ కాంపౌండు పిల్లలే. వాళ్ల ఇళ్లలో 'అయ్యగారు' అన్న మాట ఎంత గౌరవంతో వినిపించేదో తెలుసు కాబట్టి ఈ వ్యాసానికి పూనుకున్నాను.

ప్రశ్న చాలా సాదాది. బాప్తిస్మం ఇచ్చే అధికారం ఎవరిది? రొట్టె విరిచి ప్రభు భోజనం పంచేది ఎవరు? ఆ అధికారం ఆ మనిషికి ఎక్కడి నుంచి వచ్చింది? ఏ చర్చిలో చూసినా బయటికి కనిపించే క్రియ దాదాపు ఒకటే. మోకరించిన మనిషి తల మీద అంతకుముందే ఆ బాధ్యతలో ఉన్నవాళ్లు చేతులుంచి ప్రార్థిస్తారు. పుస్తకాల్లో దీన్ని హస్తనిక్షేపణ అంటారు, వాడుకలో అభిషేకం, లేదా ఆర్డినేషన్. కతోలికులు గురుపట్టాభిషేకం అంటారు. ఆ చేతుల వల్ల ఏం జరుగుతుందన్న దగ్గరే దారులు చీలిపోతాయి.

తెలుగు బైబిలు ఈ విషయంలో ఇంగ్లీషు కంటే స్పష్టంగా ఉంటుంది. బలి అర్పించేవాడు 'యాజకుడు'. సంఘాన్ని నడిపించేవాడు 'పెద్ద'. పైనుండి చూసుకునేవాడు 'అధ్యక్షుడు', సేవ చేసేవాడు 'పరిచారకుడు'. ఇంగ్లీషులో 'ప్రీస్ట్' అన్న మాట, గ్రీకులో 'పెద్ద' అనే అర్థమున్న 'ప్రెస్బిటెరోస్' నుంచి పుట్టి, చివరికి యాజకుడి అర్థంలో స్థిరపడిపోయింది. కొత్త నిబంధనలో క్రీస్తును యాజకుడన్నారు, విశ్వాసులందరినీ కలిపి యాజకులన్నారు. సంఘంలో ఒక ఉద్యోగంగా ఏ ఒక్క మనిషినీ ఆ మాటతో పిలవలేదు. మూడో శతాబ్దానికి వచ్చేసరికి ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్ బిషప్పు సిప్రియన్ వంటివారు బిషప్పును యాజకుడిగానే చెప్పడం కనిపిస్తుంది. ప్రభు భోజనాన్ని బలిగా అర్థం చేసుకున్నాక, దాన్ని అర్పించేవాడు యాజకుడు కావడం సహజం.

కతోలికుల్లో ఇది ఏడు సంస్కారాల్లో ఒకటి. బిషప్పు మాత్రమే ఇవ్వగలడు. డీకను, గురువు, బిషప్పు అని మూడు మెట్లు. గురువయ్యేవాడి అరచేతులకు పరిశుద్ధ తైలం పూస్తారు. ఒకసారి పడిన ముద్ర చెరగదు. ఆయన పని మానుకున్నా, పెద్దలు మాన్పించినా, మళ్లీ అభిషేకం చేయడమన్నది ఉండదు. ఆ బిషప్పుకు ముందు ఇంకో బిషప్పు, ఆయనకు ముందు మరొకరు, అలా అపొస్తలుల దాకా చేతుల వరుస తెగలేదని వాళ్ల విశ్వాసం. మన పక్కనున్న నల్లగొండ 1976లో ప్రత్యేక మేత్రాసనం అయింది. అక్కడి 'ఫాదర్' పేరు ముందు మాట ఆ వరుసను చెబుతుంది.

ప్రొటెస్టంట్లలో లూథర్ 1520లో దీన్ని తలకిందులు చేశాడు. బాప్తిస్మం పొందిన ప్రతివాడూ యాజకుడే, పాస్టరుది ఒక బాధ్యత మాత్రమే, వేరే జాతి మనిషి కాడు అన్నాడు. పాలమూరుకు వచ్చిన మిషన్లు లూథర్ కంటే ఇంకో అడుగు ముందుకు వెళ్లినవి. అందుకే ఆ కథ కాస్త వివరంగా చెప్పాలి.

1885లో అమెరికన్ బాప్టిస్టు మిషన్ ఇక్కడ స్టేషను పెట్టింది. ఎల్బర్ట్ చూట్ ఇక్కడి మిషనరీ. అప్పటికి ఊరి పేరు పాలమూరే. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరు మీద మహబూబ్‌నగర్ అయింది 1890లో. బాప్టిస్టు మిషన్ కాగితాల్లో మాత్రం చాలాకాలం 'పాల్మూర్' అనే రాసుకున్నారు. 1903లో గద్వాలలో ఇంకో స్టేషను వచ్చింది. 1937లో ఈ రెండు స్టేషన్లనూ బాప్టిస్టులు అమెరికన్ మెన్నోనైట్ బ్రదరెన్ మిషన్‌కు అప్పగించారు. ఇవాళ మన పట్టణంలో ఎం.బి. చర్చి అంటే అదే. ఎం.బి. అంటే ఏమిటని అడిగితే చర్చికి వెళ్లే పిల్లల్లోనే చాలామందికి తెలియదు. ఆ రెండక్షరాల వెనుక ఐదు వందల ఏళ్ల గొడవ ఉంది, ఆ గొడవంతా ఆర్డినేషన్ గురించే.

మెన్నో సైమన్స్ హాలండు ప్రాంతపు కతోలిక గురువు. 1536లో ఆ గురుత్వం వదిలేశాడు. పెద్దవాళ్లయ్యాక విశ్వసించి తీసుకునేదే అసలు బాప్తిస్మం అని నమ్మే అనబాప్టిస్టుల్లో చేరాడు. అక్కడ ఆయన తల మీద పెద్దగా చేతులుంచినవాడు ఓబె ఫిలిప్స్. తమాషా ఏమిటంటే, కొన్నేళ్లకు ఆ ఓబె ఫిలిప్సే ఆ గుంపును విడిచిపెట్టి, తనకు అభిషేకం ఇచ్చినవాళ్లకే దేవుడి పంపకం లేదని, తాను ఇతరుల మీద చేతులుంచడం తన మనస్సాక్షికి బరువైందని రాసి పెట్టాడు. మెన్నో ఆగలేదు. తన పని తాను చేసుకుపోయాడు. ఆయన పేరు మీదే ఆ సంఘాలకు మెన్నోనైట్లన్న పేరు వచ్చింది. చేతుల వరుస ఎక్కడో తెగితే ఏమవుతుందన్న భయం వాళ్లను ఆపలేదన్నమాట.

ఆ మెన్నోనైట్లు తరతరాలుగా వలసపోతూ దక్షిణ రష్యాకు, అంటే నేటి ఉక్రెయిన్‌కు, చేరారు. మొలోచ్నా అనే ప్రాంతంలో ఊళ్లు కట్టుకున్నారు. మూడు వందల ఏళ్లు గడిచేసరికి వాళ్లలోనే 'పెద్ద' పదవి గట్టిపడిపోయింది. బాప్తిస్మం, ప్రభు భోజనం పెద్ద చేతి మీదుగానే జరగాలి. 1859లో కొన్ని కుటుంబాలవాళ్లు తమకు విడిగా, మరింత తరచుగా ప్రభు భోజనం ఇవ్వమని తమ పెద్దను అడిగారు. ఆయన కాదన్నాడు. వాళ్లు ఆ నవంబరులో ఒక ఇంట్లో కూడి, అభిషేకం పొందిన పెద్ద లేకుండానే రొట్టె విరుచుకున్నారు. ఊరంతా గగ్గోలైంది. 1860 జనవరి 6న పద్దెనిమిది మంది కుటుంబ పెద్దలు సంతకాలు చేసి బయటికి వచ్చారు. మెన్నోనైట్ బ్రదరెన్ సంఘం పుట్టింది అలా. 'బ్రదరెన్' అన్న మాటకు ఇక్కడ బరువుంది. మేమంతా సోదరులం, మాలో ఒకడు లేకపోతే రొట్టె ఆగదు అని.

ఆ సంఘం మన వైపుకు ఎలా వచ్చిందంటే, అబ్రహాం ఫ్రీసెన్, ఆయన భార్య మరియా రష్యా నుంచి బయలుదేరి, అమెరికన్ బాప్టిస్టు మిషన్ తరఫున 1890లో నల్లగొండలో స్టేషను మొదలుపెట్టారు. 1899లో ఎన్.ఎన్. హీబర్ట్ దంపతులతో అమెరికా మెన్నోనైట్ బ్రదరెన్ మిషన్ హైదరాబాద్ వచ్చింది. తర్వాత నాగర్‌కర్నూలు, వనపర్తి, దేవరకొండ, కల్వకుర్తి, శంషాబాద్ వైపు విస్తరించింది. నాగర్‌కర్నూలులో 1920లో మొదలైన బైబిలు పాఠశాల తర్వాత శంషాబాద్ చేరింది. మన జిల్లా పాస్టర్లలో ఎందరో అక్కడ చదివినవాళ్లే.

ఇక్కడే నాకు ఆశ్చర్యం కలిగించే విషయం ఉంది. పెద్ద కోసం కాచుకోమని రష్యాలో తిరగబడ్డవాళ్ల వారసులు, పాలమూరు పల్లెల్లో జనాన్ని దొర కోసం కాచుకునేలా చేశారు. కావాలని చేశారని అనను. పద్ధతి అలా కుదిరింది. పల్లెల్లో మాదిగ, మాల వాడల్లో ప్రార్థన చెప్పేది, పిల్లలకు అక్షరాలు నేర్పేది, జబ్బుపడితే పక్కన కూర్చునేది, చచ్చిపోతే పాతిపెట్టేది ఊరి ఉపదేశి. అతనికి మిషన్ ఇచ్చే కొద్దిపాటి జీతం. చలికాలం రాగానే మిషనరీ దొర డేరాలు, ఎద్దుల బండ్లతో పల్లెలు తిరిగేవాడు. బాప్తిస్మాలు, ప్రభు భోజనం చాలా ఊళ్లలో అప్పుడే. మన ప్రాంతపు మిషన్లు దాదాపు అన్నిటిలోనూ ఇదే కనిపిస్తుంది. అభిషేకం పొందిన తెలుగువాళ్లు కొద్దిమంది, పొందని ఉపదేశులు ఎక్కువమంది. అభిషేకం అంటే దేవుడి పిలుపు అని పాఠంలో చెప్పినా, పల్లె జనం చూసింది మాత్రం దొర చేతికి, ఉపదేశి చేతికి ఉన్న తేడా. అందులో జీతం ఎవరు ఇస్తారన్న లెక్క కూడా కలిసిపోయింది.

అయితే ఇది తప్పనిసరి అని చెప్పలేం. ఇదే బాప్టిస్టు మిషన్‌లో ఇంకో రకంగా జరిగిన రోజూ ఉంది. ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో 1878 జూలై 3న ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. అది గొప్ప కరువు వెంటనే వచ్చిన సంవత్సరం. ఆ సంఖ్య చర్చి చరిత్రలన్నిటిలోనూ కనబడుతుంది. దాని పక్కనే ఉన్న ఇంకో విషయాన్ని చాలామంది వదిలేస్తారు. మిషనరీ జాన్ క్లౌ ఆ రోజు నీళ్లలోకి దిగలేదు. అభిషేకం పొందిన ఆరుగురు తెలుగు ప్రసంగికులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా దిగి ఇచ్చారు. వాళ్ల చేతుల మీద తీసుకున్న బాప్తిస్మం దొర చేతి బాప్తిస్మం కంటే తక్కువని ఎవరూ అనలేదు. ఆ ఉద్యమానికి మొదటి మనిషి యర్రగుంట్ల పేరయ్య. చెప్పులు, తోళ్ల వ్యాపారం చేసిన మాదిగ. క్రైస్తవుడు కాకముందే గురువు దగ్గర రాజయోగం నేర్చినవాడు. కాబట్టి గురువు, ఉపదేశం, శిష్యుడు అన్న మాటలు ఆ వాడలకు మిషన్ తెచ్చిన కొత్త మాటలేమీ కావు.

ఆ తెలుగు బాప్టిస్టులే 1903లో నెల్లూరు నుంచి జాన్ రంగయ్యను దక్షిణాఫ్రికాలోని నేటాలుకు పంపారు. చెరకు, తేయాకు తోటల్లో కూలికి వెళ్లిన తెలుగువాళ్ల కోసం. ఆయన్ను పంపింది అమెరికా డబ్బు కాదు, తెలుగు సంఘాల చందా.

మన నిజాం రాజ్యంలోనే ఇంకో వైపు, డోర్నకల్‌లో, ఈ ప్రశ్నకు ఎవరూ ఊహించని జవాబు వచ్చింది. వేదనాయకం శామ్యూల్ అజరయ్య తిరునల్వేలి పల్లెలో పుట్టిన తమిళుడు, గ్రామ పాస్టరు కొడుకు. 1912 డిసెంబర్ 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథెడ్రల్లో బిషప్పుగా అభిషేకం పొందాడు. ఆంగ్లికన్ చర్చిలో మొదటి భారతీయ బిషప్పు. తెల్ల మిషనరీలు ఒక నల్ల బిషప్పు కింద పనిచేయాల్సి రావడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. దాని మీద పెద్ద వాదనే నడిచింది. ఆయన తన డయోసిస్‌లో పల్లె టీచర్లను చదివించి, పాస్టర్లుగా అభిషేకించి, మళ్లీ ఆ పల్లెలకే పంపాడు. బాప్తిస్మం తీసుకునేవాళ్ల చేత ఇంకో పని చేయించేవాడు. తమ చెయ్యి తమ తల మీదే పెట్టుకుని, నేను బాప్తిస్మం పొందినవాణ్ణి, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అనే భావంతో ప్రమాణం చేయమనేవాడు. బిషప్పు చేతుల వరుసను ఎంతో గట్టిగా నమ్మే చర్చిలో, ఒక బిషప్పే కూలివాళ్ల చేతిని వాళ్ల తల మీద పెట్టించాడు. ఈ చరిత్రంతటిలో నాకు ఎక్కువ ఇష్టమైన ఘట్టం అది. అజరయ్య 1945 జనవరి 1న కన్నుమూశాడు.

ఆయన ఎంతో పాటుపడిన ఐక్యత ఆయన చూడకుండానే వచ్చింది. 1947 సెప్టెంబర్ 27న మద్రాసు సెయింట్ జార్జ్ కెథెడ్రల్లో దక్షిణ ఇండియా సంఘం, అంటే సి.ఎస్.ఐ., ఏర్పడింది. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలవాళ్లు కలిశారు. ఇరవై ఎనిమిదేళ్ల చర్చల్లో ఎక్కువ కాలం తినేసింది ఆర్డినేషనే. బిషప్పు చేతులు పడని మెథడిస్టు పాస్టరు అసలు పాస్టరేనా? మళ్లీ చేతులుంచాలంటే ఇన్నేళ్లూ అతను చేసిన బాప్తిస్మాలు, పెళ్లిళ్లు ఏమైనట్టు? చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. ఉన్నవాళ్లందరినీ ఉన్నట్టే అంగీకరిస్తారు, ఎవరికీ మళ్లీ అభిషేకం ఉండదు. ఇకముందు మాత్రం అందరినీ బిషప్పులే అభిషేకిస్తారు. మెదక్ మెథడిస్టులు అలా సి.ఎస్.ఐ.లో చేరారు. బాప్టిస్టులు, మన ఎం.బి.వాళ్లు చేరలేదు. బిషప్పు పద్ధతి వాళ్లకు పడదు. అందువల్లే జడ్చర్ల దాటి హైదరాబాద్ మీదుగా మెదక్ వెళ్తే, అక్కడ అయ్యగార్ల పైన బిషప్పు ఉంటాడు, ఇక్కడ ఉండడు.

కులం సంగతి దాటేసి ఈ చరిత్ర రాస్తే అది నిజాయితీ కాదు. పూజారి తనం పుట్టుకతో వచ్చే సమాజంలో, మాదిగవాడ నుంచి వచ్చిన కుర్రాడు నాలుగేళ్లు చదివి, చేతులుంచుకుని, తెల్ల అంగీ వేసుకుని నిలబడటం ఎంత పెద్ద మార్పో ఆ వాడలవాళ్లకే తెలుసు. మా బడి రోజుల్లో ఊళ్లో పెద్దరైతులు కూడా మిషన్ కాంపౌండు దగ్గర ఎదురైతే 'నమస్తే అయ్యగారూ' అనడం నేను విన్నాను. అదే మనిషి కొడుకును బావి దగ్గర ఆపిన రోజులూ అవే. కతోలికుల్లో ఈ మార్పు ఆలస్యంగా జరిగింది. తెలుగు కతోలిక గురువుల్లో చాలాకాలం పై కులాల కుటుంబాల నుంచి వచ్చినవాళ్లే ఎక్కువ. కర్నూలు జిల్లాలో పుట్టిన పూల ఆంథోని హైదరాబాద్ ఆర్చిబిషప్పై, 2022 ఆగస్టు 27న కార్డినల్ అయ్యారు. తెలుగువాళ్లలో మొదటి కార్డినల్, దళితుల్లోనూ మొదటి కార్డినల్.

ఇక 'బ్రదర్' సంగతి. పంజాబు నుంచి వచ్చిన భక్త్‌సింగ్ హైదరాబాద్‌లో గోల్కొండ చౌరస్తా దగ్గర హెబ్రోను కేంద్రంగా సహవాసాలు నడిపాడు. 2000 సెప్టెంబర్‌లో చనిపోయేదాకా ఆయన బ్రదర్ భక్త్‌సింగే. ఆ సహవాసాల్లో రెవరెండ్లు ఉండరు. పెద్దలు, సోదరులే నడుపుతారు. మన మిత్రుడు ఫోన్‌లో పట్టుబట్టింది అణకువ కోసం మాత్రమే కాదు, అది ఆయన నమ్మిన సిద్ధాంతం. 1859లో మొలోచ్నా ఇంట్లో రొట్టె విరిచినవాళ్లు ఆయన మాట విని ఉంటే సంతోషించేవాళ్లు.

ఇదంతా చర్చి లోపలి సంగతే కదా అనిపించవచ్చు. పెళ్లి దగ్గరికి వచ్చేసరికి సర్కారు కూడా ఇందులో ఉంది. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. దాని అయిదో సెక్షను ప్రకారం పెళ్లి చేయగలవాళ్లలో మొదటి వరుస బిషప్పు ద్వారా అభిషేకం పొందినవాళ్లది. వాళ్లకు వేరే లైసెన్సు అక్కర్లేదు. రెండో వరుసలో చర్చ్ ఆఫ్ స్కాట్లండ్ పాస్టర్లు. మిగతా సంఘాల సేవకులు, అంటే మన ఎం.బి., బాప్టిస్టు పాస్టర్ల వంటివాళ్లు, ఆ చట్టం కింద ప్రభుత్వం ఇచ్చే లైసెన్సు తీసుకోవాలి. ఇంగ్లండు రాజకీయంలో ఎవరిది పెద్దపీటో అదే మన చట్టంలోకి దిగుమతి అయింది, నూట యాభై ఏళ్లుగా అక్కడే కూర్చుంది. అర్హత లేనివాడు చేసిన పెళ్లి ఆ చట్టం కింద చెల్లదు. ఇవాళ వీధికో ప్రార్థనా మందిరం, వారానికో కొత్త పాస్టరు. ఎవరి చేతులు ఎవరి మీద పడ్డాయో అడిగేవాళ్లు లేరు. పాస్‌పోర్టుకో వీసాకో పెళ్లి సర్టిఫికెట్ కావాల్సి వచ్చిన రోజున ఆ జంటకు ఈ ప్రశ్న గుర్తుకొస్తుంది. మన పిల్లల పెళ్లిళ్ల వయసు వచ్చిన మిత్రులు, ముహూర్తానికి ముందే పాస్టరుగారి లైసెన్సు సంగతి అడిగి తెలుసుకోవడం మంచిది. అడిగితే అవమానమేమీ కాదు.

చివరగా, పట్టికలో అమ్మాయిల పేర్ల ముందు 'రెవరెండ్' ఒక్కటీ లేదు. పాలమూరు పల్లెల్లో వాడవాడకూ తిరిగి, మగ మిషనరీ అడుగుపెట్టలేని ఇళ్లలో కూర్చుని చెప్పినవాళ్లు బైబిలు స్త్రీలు. వాళ్లకు అభిషేకం లేదు. అమెరికా నుంచి వచ్చిన ఎం.బి. మిషనరీ స్త్రీలకైతే మొదట్లో చేతులుంచి అభిషేకం చేసే పంపేవాళ్లు. 1957లో అక్కడి కాన్ఫరెన్సు ఆ పద్ధతి మార్చి, ఇకమీదట స్త్రీలను అభిషేకించకుండా నియమించి పంపాలని తీర్మానించింది. వాళ్లు చేసే పనిలో ఏ తేడా రాలేదు, పేరులోనే తేడా. సి.ఎస్.ఐ. 1976లో ఎలిజబెత్ పాల్‌ను అభిషేకించి ఆ తలుపు తెరిచింది. 2013 సెప్టెంబర్ 30న ఎగ్గోని పుష్పలలిత సి.ఎస్.ఐ.లో మొదటి మహిళా బిషప్పు అయ్యారు. ఆమె డయోసిస్ నంద్యాల. మనకు కృష్ణా నది అవతల.